గీతల మధ్య చీకటి పట్టీ

ఆదివారం పొద్దున హైదరాబాదు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. మొన్న వాటి పక్కనే ఒకచోట పాత సీడీలు, డీవీడీలు కుప్పగా పోసి ఉంటే ఆగాను. ఒకటి ఎత్తి ఎండకు అటూ ఇటూ తిప్పితే ఊదా నుంచి ఎరుపు దాకా రంగులు జారాయి. "తీస్కో అన్నా, రెండు కలిపి పది రూపాయలకిస్తా" అన్నాడు అమ్మే కుర్రాడు. ఒక సీడీ, ఒక డీవీడీ తీసుకున్నాను. పాటల కోసం కాదు, గీతల కోసం.

సీడీలో వరసకూ వరసకూ మధ్య ఎడం 1.6 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరు వెడల్పులో 625 వరసలు. డీవీడీలో ఆ ఎడం 0.74 మైక్రాన్లే. ఇంత దగ్గరగా, ఇంత సమానంగా ఉన్న గీతల మీద పడిన వెలుగు రంగులుగా విడిపోతుంది. ఇలాంటి గీతల పలకనే గ్రేటింగ్ అంటారు. చుక్క ద్రవంలో రోగం జాడ పట్టే ప్లాస్మాన్ బయోసెన్సర్ల తయారీలో ఇప్పుడు దీని మీద ఎంతో పని జరుగుతోంది.

కథ ఒక పట్టు రుమాలుతో మొదలైంది. 1780లలో ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ హాప్కిన్‌సన్ ఒక సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చుని, రుమాలు బిగించి పట్టుకుని దాని గుండా దూరపు వీధిదీపాన్ని చూశాడు. నల్లటి చారలు కనిపించాయి. రుమాలు కదిపినా అవి కదల్లేదు! సంగతేమిటని మిత్రుడు డేవిడ్ రిటెన్‌హౌస్‌ను అడిగాడు. ఆయన 1785లో సన్నని మరల మధ్య వెంట్రుకలు వరసగా పేర్చి తొలి గ్రేటింగ్ కట్టాడు. చీకటి పడ్డాక నాంపల్లి స్టేషన్ రోడ్డులో దూరపు దీపాన్ని పలచని పట్టుకొంగు గుండా చూస్తే మనకూ ఆ వింత కనిపిస్తుంది.

1821లో ఫ్రాన్‌హోఫర్ సన్నని తీగలతో గ్రేటింగ్ చేశాడు. 1880లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోలాండ్ వజ్రపు మొనతో లోహం మీద గీతలు గీసే యంత్రం కట్టాడు. అంగుళానికి 14,438 గీతలు, అంటే మిల్లీమీటరుకు సుమారు 568. నా చేతిలోని సీడీ అంతకంటే ఒత్తుగా ఉందని లెక్క చూసుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది.

అదే విశ్వవిద్యాలయంలో 1902లో రాబర్ట్ వుడ్‌కు చిక్కు వచ్చిపడింది. గ్రేటింగ్ నుంచి వచ్చిన వర్ణపటంలో కొన్ని చోట్ల వెలుగు ఉన్నట్టుండి మాయమై చీకటి పట్టీలు పడ్డాయి. పక్క రంగు నిండుగా ఉండగా ఈ ఒక్క రంగు ఎక్కడికి పోయినట్టు? జవాబుకు దశాబ్దాలు పట్టింది. 1907లో రేలీ, 1941లో ఫానో దారి చూపారు. లోహపు ఉపరితలం మీద ఎలక్ట్రాన్లన్నీ ఒక్క అలగా ఊగుతాయని 1957లో రిచీ చెప్పాడు. పోయిన వెలుగును తాగింది ఆ అలే. దాని పేరే సర్ఫేస్ ప్లాస్మాన్.

మామూలు వెలుగు సూటిగా పడితే ఆ అల లేవదు. అబిడ్స్‌లో కదిలే సిటీ బస్సు ఎక్కాలంటే దానితో సమంగా పరుగెత్తాలి కదా, ఇక్కడా అంతే. గాలిలోంచి వచ్చే వెలుగుకు ఆ జత కుదరదు. 1968లో ఒట్టో, క్రెచ్‌మన్ అనే శాస్త్రవేత్తలు పట్టకం వాడి కుదిర్చారు. గ్రేటింగ్ అయితే ఆ లోటును గీతల ఎడంతోనే పూడుస్తుంది. 1983లో స్వీడన్ శాస్త్రవేత్తలు పట్టకం పద్ధతితో ప్రోటీన్లను పసిగట్టారు. బంగారు పొర మీద యాంటీబాడీలు అతికిస్తారు. వెతుకుతున్న అణువు వచ్చి పట్టుకోగానే అక్కడి వక్రీభవన గుణకం రవ్వంత మారి, చీకటి పట్టీ పక్కకు జరుగుతుంది. వుడ్‌ను వేధించిన ఆ లోపమే ఇక్కడ కొలబద్ద అయింది. 1990 నాటికి ఇది బయాకోర్ యంత్రంగా అంగట్లోకి వచ్చింది. 1980లు ముగిసేలోపే, బంగారు పూత పూసిన గ్రేటింగ్ మీదా ఈ పరీక్ష చేసి చూపారు.

గ్రేటింగ్‌కు పట్టకం అక్కర్లేదు, పరికరం చిన్నదవుతుంది. సీడీల్లాగే అచ్చు నుంచి పలకలు తీయవచ్చు. అయితే చాలా అమరికల్లో వెలుగు నమూనా గుండానే పోవాలి, సున్నితత్వం కూడా పట్టకం కంటే తగ్గుతుంది. అందుకే గీతలను నానోమీటర్లలో మలచాలని తంటాలు. లోతు చాలకపోతే చీకటి పట్టీ పలచబడుతుంది, మితిమీరితే వెడల్పై మసకబారుతుంది.

మన ఊళ్లో ఈ పనికి చుట్టం ఉంది. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్, 1974లో పుట్టిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలి ప్రాంగణం. ఇప్పుడు గచ్చిబౌలిలోని ఆ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్‌తో లోహాల మీద నానో చారలు గీసి, అణువుల నుంచి చెదిరి వచ్చే వెలుగులోని రామన్ సంకేతాన్ని ప్లాస్మాన్ల సాయంతో పెంచి, పేలుడు పదార్థాల జాడ పడుతున్నారు.  ఇక రోగాల విషయానికొస్తే, జిల్లా ఆసుపత్రిలో జ్వరంతో పడుకున్న మనిషి మంచం పక్కకే పరీక్ష చేరాలంటే, చవగ్గా అచ్చు పోయగల ఈ గీతలనే నమ్ముకోవాలని నా నమ్మకం.

ఇంటికొచ్చి డీవీడీ అంచున బ్లేడు దూర్చాను. రెండు పలకలుగా విడిపోయింది. పరిశోధకులు ఇలా చీల్చిన పలక మీదే వెండో బంగారమో పూసి సెన్సర్లు చేశారు. ట్యూబ్‌లైట్ కింద సీడీనీ దీన్నీ పక్కపక్కన పట్టుకున్నాను. గీతలు మరీ దగ్గరగా ఉన్న డీవీడీలో ఎరుపు, నీలం ఎంతో ఎడంగా విడిపోయి కనిపించాయి.