ఆంగ్ల జానపద సంగీతమున కాన్సర్టీనా వాద్యము

ఇంగ్లండునందలి పల్లెపాటలకును మోరిస్ నృత్యములకును నేఁడు తోడుగా వినవచ్చు వాద్యములలో కాన్సర్టీనా ముఖ్యమైనది. సాధారణముగా షడ్భుజాకారము గల రెండు చిన్న పెట్టెలు, వాని నడుమ ముడుతలు గల తోలుతిత్తి, ఇరుప్రక్కల వ్రేళ్లకు మీటలు – ఇదియే దాని స్వరూపము. తిత్తిగాలి లోహపు నాలుకను కదల్పఁగా నాదము పుట్టును. ఆంధ్రనాటకరంగమున వాడుకయైన హార్మోనియమునందును నాదము పుట్టు విధ మిదియే కావున దీనిని విస్తరింప నక్కఱలేదు. ఈ వాద్యము ఇంగ్లండు పల్లెలలో అనాదిగా నున్నదని పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదు. దీని పుట్టుక లండను నగరమున, ఒక భౌతికశాస్త్రజ్ఞుని చేతిమీఁదుగా జరిగినది.

ఆ శాస్త్రజ్ఞుఁడు చార్లెస్ వీట్‌స్టన్ (1802–1875). విద్యుచ్ఛాస్త్రము చదువు విద్యార్థు లెల్లరు “వీట్‌స్టన్ బ్రిడ్జి” యను పేర నీతని నెఱుఁగుదురు. ఆ సాధనమును మొదట కల్పించినవాఁడు శామ్యూల్ హంటర్ క్రిస్టీ యనుట వేఱుమాట. వాద్యముల వర్తకము చేయు కుటుంబమునఁ బుట్టిన వీట్‌స్టన్ చైనాదేశపు షెంగ్ మొదలగు నాలుకవాద్యములను పరిశీలించి, నోటితో నూఁదు ‘సింఫోనియము’నకు 1829లో పేటెంటు పొందెను. దాని మీటలకూర్పును తిత్తికిఁ జేర్పఁగా కాన్సర్టీనా యేర్పడెను. దీనికి సంబంధించిన పేటెంటు 1844 నాఁటిది. ‘ఇంగ్లీషు కాన్సర్టీనా’ యనఁబడు నీ వాద్యమున తిత్తిని నొక్కినను లాగినను మీట కొకటే స్వరము. స్వరక్రమము ఒకటి కుడిచేతికి, ఒకటి యెడమచేతికిగా మాఱుచుండును. సామాన్యముగా 48 మీటలుండును. మంద్రమున ఫిడేలుయొక్క కడపటి తంత్రి స్వరమువఱకు దిగును గావున ఫిడేలునకు వ్రాసిన రచనలు పెక్కు దీనిపై వాయింపవచ్చును.

దీనిని మొదటఁ గొన్నవా రెవరు? వీట్‌స్టన్ సంస్థవారి అమ్మకపు చిట్టాలు లండనులోని హార్నిమన్ మ్యూజియమున నున్నవి. వానిని శోధించిన అలన్ అట్లాస్ పండితుఁడు అందు తొమ్మిదివందలకుఁ బైగా స్త్రీల పేర్లను గుర్తించెను. వారిలో ఉన్నతకుటుంబములవారు పలువురు. జూలియో రెగోండి (మరణము 1872) దీనిపై పెద్దసభలలో కచేరీలు చేసెను. అనఁగా నిది తొలుత కలవారి చావడులలోని వాద్యమేకాని పొలముగట్లపై వాద్యము కాదు.

పల్లెలకుఁ జేరినది వేఱొక తెగ. జర్మనీదేశపు కెమ్నిట్స్ పట్టణమున కార్ల్ ఫ్రెడరిక్ ఊలిగ్ 1834లో నొక వాద్యమును వెలువరించెను. దానిలో ఒక్కొక్క మీటకు నొక్కునపు డొక స్వరము, లాగునపుడు మఱొక స్వరము పలుకును. ఒక వరుసయందు తిత్తిని నొక్కినచో స, గ, ప స్వరములును, లాగినచో రి, మ, ధ, ని స్వరములును వచ్చునని స్థూలముగాఁ జెప్పవచ్చును. కావున నొక్కునపుడు ఏ మీటలను గలిపి నొక్కినను శ్రుతిభంగము కలుగదు. నేర్చుట సులభము, వెలయు తక్కువ. లండను శిల్పులు ఈ పద్ధతిని గ్రహించి, ఇంగ్లీషు కాన్సర్టీనాయందలి పనితనమును దీనికిఁ జేర్చి ‘ఆంగ్లో–జర్మన్’ వాద్యమును చేసిరి. క్రమముగా ‘జర్మన్’ అను భాగము జాఱిపోయి ‘ఆంగ్లో’ మాత్రము నిలిచెను. ఇంగ్లీషు అను పేరుగలది చావడులలో నుండఁగా, జర్మనుమూలము గలది ఆంగ్లేయుల గ్రామనృత్యమునకు గొంతుకయైనది. నామమునుబట్టి జాతిని నిర్ణయించువా రీయంశమును గమనింపవలెను.

మోరిస్ నృత్యమునకుఁ బూర్వము ఒకచేత పిల్లనగ్రోవిని, రెండవచేత చిన్నడోలును ఒక్కఁడే వాయించెడివాఁడు. పిమ్మట ఫిడేలు వచ్చెను. కాన్సర్టీనా ఆ స్థానమున నిలిచిన పిదపనే సేకర్తలు పల్లెలకు వచ్చిరి. 1899 డిసెంబరు 26వ తేదిని, ఆక్స్‌ఫర్డు చెంతనున్న హెడింగ్టన్‌లో సెసిల్ షార్ప్ బసచేసిన యింటియెదుట మోరిస్ నర్తకులు కాళ్ల గజ్జెలతో ఆడిరి. వారి యాటకు వాడుకయైన కాలము వేసవిమొదటి విట్సన్ పండుగ. ఆ చలికాలమున మంచు గట్టిపడి కట్టుబడిపనులు నిలిచిపోఁగా, కూలిలేక నాలుగుడబ్బులకై వెలుపలికి వచ్చిరి. వారికి ఆంగ్లో వాయించినవాఁడు విలియం కింబర్ (1872–1961) అను ఇరువదియేడేండ్ల యిటుకమేస్త్రి. షార్ప్ మఱునాఁ డతనిని రావించి వరుసలను వ్రాసికొనెను. ఆంగ్లనృత్యముల పునరుద్ధరణ కిది యారంభమని చరిత్రకారులు చెప్పుదురు.

ఆ వ్రాఁత యందు వరుసమాత్రమే నిలిచినది. 1907 మొదలు షార్ప్ ప్రకటించిన మోరిస్ వరుసలు పియానోకు కూర్చినవి. కింబర్ ఎడమచేత పొడిపొడిగా విఱిచి వేసిన స్వరపుంజములు వానిలో లేవు. ఇది చిన్నలోపము కాదు. తిత్తిదిశ మాఱినపుడెల్ల ఆంగ్లోనాదమున నొక విఱుపు, ఒక యూపు కలుగును. నర్తకుని యెగురు కాలి కాధార మదియే. పియానో దానిని తీర్పఁజాలదు. భాగ్యవశమున కింబర్ దీర్ఘాయువై తన వాదనమును ధ్వనిముద్రణములలో నిలిపెను గావున షార్ప్ పుస్తకములు విడిచినదానిని నేఁటివారు చెవులార వినఁగలుగుచున్నారు.

1884లో మకాన్ పేటెంటు పొందిన ‘డ్యూయెట్’ మున్నగు నితరభేదములును గలవు. ఉత్తరదేశపు కార్మికులు కాన్సర్టీనా బ్యాండులు కట్టిరి. సాల్వేషన్ ఆర్మీవారు వీథిభజనలలో వాడిరి. అకార్డియను ప్రబలుటతో ఇరువదవ శతాబ్ది నడుమకు వాద్యము క్షీణించెను. 1952లో అంతర్జాతీయ కాన్సర్టీనా సంఘ మేర్పడెను. ఆ దశాబ్దమున ఆల్ఫ్ ఎడ్వర్డ్స్ ఇంగ్లీషు కాన్సర్టీనాతో ఇవాన్ మకాల్, ఏ. ఎల్. లాయిడ్ పాటలకుఁ దోడయ్యెను. పీటర్ బెల్లమీ (1944–1991) ఆంగ్లోతో తానే పాడుచు వాయించెను. 1972 నాఁటి ‘మోరిస్ ఆన్’ ధ్వనిముద్రణమున జాన్ కిర్క్‌పాట్రిక్ విద్యుద్వాద్యముల నడుమ ఆంగ్లోను నిలిపెను.

నృత్యమునకు ఆంగ్లో, పాటకు ఇంగ్లీషు అని కొందఱు విభజింతురు. నార్తంబర్లండు నృత్యవరుసలను ఇంగ్లీషు కాన్సర్టీనాపై వాయించు ఆలిస్టర్ ఆండర్సన్ దీనికి చాలిన ప్రతివచనము: దిశ మాఱకయే వ్రేలిబలముతో, తిత్తితాఁకిడితో ఊపు తెచ్చును. ‘లెవరెట్’ బృందమున రాబ్ హార్బ్రన్ దానినే ఫిడేలు, మెలోడియనుల సరసన మెత్తగా నల్లుచున్నాఁడు. లండనున తరతరములుగా వీనిని చేసిన క్రాబ్ కుటుంబపు కార్యశాల 1989లో మూఁతపడెను. పాత జెఫ్రీస్ వాద్యములకై వాదకులు నేఁటికిని వెదకుచునే యున్నారు. క్రొత్తశిల్పులు వానినే మాదిరిగా నుంచుకొని పనిచేయుచున్నారు.