ఉద్యోగ ప్రకటన

ఖాళీగా ఉన్న కొలువు ఏదో, దానికి ఎవరు అర్హులో యజమాని నలుగురికీ తెలిపే ప్రకటన. తెలుగు పత్రికల్లో చాలాకాలం ‘కావలెను’ అన్న ఒక్క మాటే దీనికి శీర్షిక. వాడుకలో వాంటెడ్ ప్రకటన అంటారు. ప్రభుత్వ కొలువైతే ‘నోటిఫికేషన్ పడింది’ అంటారు.

అచ్చు రాకముందు కొలువు కబురు చుట్టాలో ఊరివాళ్లో చెబితేనే తెలిసేది. మన దేశంలో 1780లో కలకత్తాలో వెలువడిన హికీ బెంగాల్ గెజిట్‌తో పత్రికా ప్రకటనలు మొదలయ్యాయి. పిలవడానికే కాదు, కొందరిని గుమ్మం బయటే ఆపడానికీ ప్రకటన పనికొచ్చింది. 19వ శతాబ్దపు ఇంగ్లండు, అమెరికా ప్రకటనలు కొన్నిటిలో ఐరిష్‌వాళ్లు దరఖాస్తు పెట్టనక్కర్లేదని రాసేవారు. అమెరికా పత్రికలు మగవాళ్ల ఉద్యోగాలకూ ఆడవాళ్ల ఉద్యోగాలకూ వేరువేరు కాలమ్‌లు నడిపేవి. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కూడా ఆ అలవాటు వెంటనే పోలేదు. అలాంటి కాలమ్‌లను నిషేధించడం పత్రికా స్వేచ్ఛకు భంగం కాదని 1973లో పిట్స్‌బర్గ్ ప్రెస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

పనికి తగినవాళ్లనే రాబట్టాలని చూసిన ప్రకటనల్లో 2004 నాటి గూగుల్ బోర్డు చెప్పుకోదగ్గది. సిలికాన్ వ్యాలీలో 101 హైవే పక్కన నిలిపిన ఆ బోర్డు మీద కంపెనీ పేరు లేదు, ఉద్యోగం అన్న మాటా లేదు. గణితంలోని ‘ఇ’ అనే సంఖ్య అంకెల వరుసలో మొదట తగిలే పది అంకెల ప్రధాన సంఖ్య ఏదన్న లెక్క మాత్రం ఉంది. జవాబు 7427466391. దాన్నే వెబ్ చిరునామాగా కొట్టినవారికి మరో లెక్క, అదీ చేస్తే దరఖాస్తుకు దారి దొరికేవి.

మన దేశంలో ఉద్యోగ ప్రకటన చట్టంతో ముడిపడింది. 1959 చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు, 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాల్సి ఉండేది. ఎక్స్ఛేంజి తన దగ్గర నమోదైన పేర్లు పంపేది. ఎక్స్ఛేంజి కార్డు ఉన్నా కాల్ లెటర్ రానివారికి ఆ ఖాళీ సంగతే తెలిసేది కాదు. 1976లో కేంద్రం ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ప్రారంభించింది. అసలు మలుపు మన కృష్ణా జిల్లా కేసుతో వచ్చింది. ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1996లో ఉదారమైన తీర్పు ఇచ్చింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టకూడదని, ఎక్కువమంది చదివే పత్రికల్లో ప్రకటించాలని, నోటీసు బోర్డు మీదో రేడియో, టీవీల్లోనో కూడా తెలపాలని, దరఖాస్తు చేసిన అందరినీ పరిశీలించాలని చెప్పింది. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, బహిరంగ ప్రకటన, పోటీ లేకుండా చేరినవారికి పర్మనెంటు చేయమని అడిగే హక్కు లేదంది.

ప్రభుత్వ నోటిఫికేషన్ చదవడానికి కటువుగా ఉన్నా పోస్టుల సంఖ్య, పే స్కేలు, వయోపరిమితి, రిజర్వేషన్, లోకల్, నాన్‌లోకల్ వాటా అన్నీ చెబుతుంది. ప్రైవేటు ప్రకటన ఆ పని చేయలేదు. క్లాసిఫైడ్స్‌లో మాటకింత అని, లైనుకింత అని డబ్బు కట్టాలి కనుక పని వేళలు, సెలవులు రాయకుండా వదిలేసేవారు. ‘జీతం అర్హతను బట్టి’ అని ముగించేవారు. 1997లో నౌకరీ డాట్ కామ్ వచ్చాక చోటు కొరత తీరింది గానీ జీతం గడి ఖాళీగానే మిగిలింది.

ఈ దాపరికానికి మూల్యం ఎంతో మనస్తత్వవేత్తలు కొలిచారు. అమెరికాలో జాన్ వేనస్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, టెలిఫోన్ ఆపరేటర్లుగా చేరబోయేవారిలో కొందరికి పనిలోని విసుగును కూడా చూపే ఫిల్మ్ వేశారు. అది చూసినందువల్ల చేరేవారు తగ్గలేదు. చేరాక మానేయాలన్న ఆలోచన మాత్రం వారిలో తక్కువగా కనిపించింది. దాచినదే కాదు, రాసిన మాటా ప్రభావం చూపుతుంది. పోటీతత్వం, ఆధిపత్యం వంటి మాటలు నిండిన ప్రకటన చదివిన స్త్రీలకు ఆ ఉద్యోగం మీద ఆసక్తి తగ్గిందని 2011 నాటి మరో అధ్యయనం చూపింది. చేయగలమన్న నమ్మకం మాత్రం వారిలో తగ్గలేదు.

2021 నుంచి అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ప్రకటనలోనే జీతం చెప్పాలన్న నిబంధన అమలు చేస్తోంది. మన ఊళ్లలో కిరాణా కొట్టు షట్టరుకు అంటించే చేతిరాత కాగితం మీద ‘భోజనం, వసతి కలదు’ అన్న ముక్క తప్పకుండా ఉంటుంది. జీతం సంగతి లోపలికి వెళ్లి అడగాలి.