వెన్న వాసన కథ

చిన్నికృష్ణుడు చీకట్లో కూడా ఉట్టి ఎక్కడుందో కనిపెట్టేవాడంటే అది దైవత్వమని భక్తులంటారు. వెన్న వాసనే దారి చూపించి ఉంటుందని నేనంటాను. పచ్చిపాలకు లేని ఆ కమ్మదనం, తోడుపెట్టిన మీగడ చిలికితే వచ్చే వెన్నకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలడానికి శాస్త్రజ్ఞులకు సుమారు నూటయాభై ఏళ్లు పట్టింది.

కథ స్వీడన్‌లో మొదలవుతుంది. అక్కడ మందులు నూరుకుని బతికే షీలె 1780లో పులిసిన పాలలోంచి లాక్టిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. నాలుగేళ్లకు, 1784లో, నిమ్మరసంలోంచి సిట్రిక్ ఆమ్లాన్నీ తీశాడు. ఈ రెండు పులుపులకూ పాలకుండలో చుట్టరికం ఉందని పాపం ఆయనకు తెలియదు. పాలు పులియడం సూక్ష్మజీవుల పని అని 1857లో పాశ్చర్ చెప్పాడు.

ఆ శతాబ్దం చివరికి డెన్మార్కు రైతుల బతుకంతా వెన్న మీద ఆధారపడింది. ధాన్యం ధరలు పడిపోయి, వాళ్లు పాడిని నమ్ముకున్నారు. వెన్నను ఇంగ్లండుకు పంపేవారు. అయితే ఒకరోజు ఘుమఘుమలాడే వెన్న మరోరోజు కంపు కొట్టేది. కంపు వెన్న ఒకసారి కొన్నవాడు రెండోసారి మొహం చూస్తాడా? 1890 ప్రాంతంలో కోపెన్‌హాగెన్‌లో విల్హెల్మ్ స్టోర్క్ అనే ఆయన మీగడను వేడిచేసి, చల్లార్చి, ఏరిన సూక్ష్మజీవులతో తోడు వెయ్యమన్నాడు. మంచి తోడు కోసం పక్కింటికి గిన్నె పట్టుకెళ్లే మనకు ఇదేం కొత్త కాదు!

చిక్కేమిటంటే, ఒకే రకం సూక్ష్మజీవిని వేస్తే పులుపు వచ్చేది గాని కమ్మదనం రాలేదు. మంచి తోడులో రెండు రకాల పనివాళ్లున్నారని 1919లో అమెరికాలోని అయోవాలో హామర్, బెయిలీ తేల్చారు. ఒకరు పులుపు చేసేవాళ్లు, రెండోవాళ్లు పరిమళం చేసేవాళ్లు. ఆ పరిమళం పేరు డయాసిటైల్ అని 1929లో హాలెండులో క్లూయ్‌వర్ బృందం బయటపెట్టింది. దానికి ముడిసరుకు సిట్రేటు, అంటే షీలె నిమ్మపులుపే!

లీటరు పాలలో సిట్రేటు ఒకటిన్నర, రెండు గ్రాములు ఉంటుంది. మన నాలుకకు తెలియదు. ఈ జీవులకు అసలు తిండి పాలచక్కెర. పాలు కాస్త పులుపెక్కాక గాని సిట్రేటు జోలికి బాగా పోవు. అప్పుడు కొన్ని జీవులు సిట్రేటును లోపలికి తీసుకుని, తమకక్కర్లేని లాక్టేటును బయటికిస్తాయి. పక్కింటికి కాఫీపొడి ఇచ్చి పంచదార తెచ్చుకున్నట్టన్నమాట. ఈ ఇచ్చిపుచ్చుకోడంలో వాటికి కాస్త శక్తి కూడా మిగులుతుంది.

లోపల సిట్రేటు ముక్కలవుతుంది. ఒక ముక్క అసిటేటు. మిగిలినదానిలోంచి బొగ్గుపులుసు వాయువు పోగా పైరువేటు మిగులుతుంది. గౌడా జున్నులో కనిపించే చిన్న కన్నాలు ఆ వాయువు చేసినవే. చక్కెర నుంచి వచ్చిన పైరువేటు లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది. సిట్రేటు వల్ల అదనంగా వచ్చిన పైరువేటు మాత్రం రెండేసి కలిసి, గాలి తగిలితే డయాసిటైల్ అవుతుంది. ఆలస్యమైతే ఆ జీవులే దాన్ని వాసన లేని మరో పదార్థంగా మార్చేస్తాయి. మా పెద్దమ్మ పులవకముందు చిలకనిచ్చేది కాదు, పులిశాక ఆగనిచ్చేది కాదు. ఈ రసాయనం ఆవిడకు తెలియదు, వేళ తెలుసు.

కిలో వెన్నకు కమ్మదనం రావడానికి ఈ డయాసిటైల్ కొద్ది మిల్లీగ్రాములు చాలు. మనుషులకు చాలదు కదా! ఫ్యాక్టరీల్లో తయారుచేసి వనస్పతి వెన్నల్లో, పాప్‌కార్న్‌లో కలిపారు. 2000లో అమెరికాలోని మిస్సోరిలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకు ఊపిరితిత్తులు పాడై, తీరని ఆయాసం పట్టుకుందని బయటపడింది. వేడి తొట్లలోంచి లేచే వెన్నవాసన ఆవిరిని రోజంతా పీల్చారు పాపం. సినిమాహాల్లో కూచుని నమిలినవాళ్లకు కాదు, వాళ్లకోసం కలిపినవాళ్లకు ఆ గతి పట్టింది.

ఇంటి కుండకు ఆ భయం లేదు లెండి. ఈసారి మీ వెన్న కమ్మగా ఉందని పక్కింటి వదినగారు మెచ్చుకుంటే, సగం మెప్పు తోడుకు వదిలెయ్యండి. మిగతా సగం, ఎప్పుడు చిలకాలో తెలిసిన మీదే.