బెరెజినా తీరమున బాటే

బెలారూస్ రాజధానియగు మిన్‌స్క్ నగరమునకు ఈశాన్యముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున, బెరెజినా నది యొడ్డున, బోరిసోవ్ అను పట్టణమొకటి కలదు. 1812 నవంబరు మాసమున, మాస్కోనుండి వెనుదిరిగిన నెపోలియన్ సేనలు మంచుగడ్డలు తేలుచున్న ఆ నదిని ఈ పట్టణమునకు చేరువగా దాటబోయి వేలకొలదిగా ప్రాణములు గోల్పోయినందున, నేటికిని ఫ్రెంచివారు తమ వాడుకభాషలో ఘోరపరాజయమును 'బెరెజినా' అనియే వ్యవహరింతురు. పరుల చరిత్రలో ఒక ఓటమికి పర్యాయపదమై నిలిచిపోయిన ఈ చోటునకు స్వకీయమైన గెలుపుల వలన ఒక ఖ్యాతి కలుగవలెనన్నచో, అది రాజుల వలనను సేనానుల వలనను గాక, ఒక యంత్రశాలను ఆశ్రయించి పుట్టిన ఫుట్‌బాల్ జట్టు వలన కలుగవలసియుండెను.

ఆ జట్టు పేరు బాటే. తెలుగువాని చెవికి 'బాట' యను మన మాటను స్ఫురింపజేయు ఈ నామము నిజమునకు ఒక కర్మాగారపు పేరులోని తొలి అక్షరముల కూర్పు. మోటారుబండ్లకును ట్రాక్టర్లకును కావలసిన స్టార్టర్లు, జనరేటర్లు మొదలగు విద్యుత్పరికరములను చేయు కర్మాగారము బోరిసోవ్‌లో కలదు. దాని రష్యన్ నామమునే కుదించి బాటే యనిరి. సోవియట్ కాలమున పెద్ద కర్మాగారములను ఆనుకొని శ్రామికుల నివాసములు, భోజనశాలలు, శిశువిహారములు ఉండినట్లే క్రీడాజట్లును ఉండెడివి. ఆ పరిపాటి ననుసరించి 1973లో ఈ జట్టు అవతరించెను. నాడు సోవియట్ సమాఖ్య యంతటికిని చెందిన మహాలీగునందు బెలారూస్ పక్షమున మిన్‌స్క్ దీనమో జట్టు ఆడుచుండగా, బోరిసోవ్ వంటి పట్టణముల జట్లకు గణతంత్రపు అంతర్గత పోటీలే రంగస్థలము. ఆ చిన్న రంగస్థలమున బాటే 1974, 1976, 1979 సంవత్సరములలో విజేతయయ్యెను. ఐనను, కర్మాగారపు ప్రాపున బ్రతుకు జట్టునకు కర్మాగారపు శ్రద్ధ యెంత కాలమో ఆయువు అంత కాలమే కదా! 1984లో ఈ జట్టు రద్దయ్యెను. పండ్రెండేండ్లపాటు బాటే యను మాట బోరిసోవ్‌లో తిరిగి యంత్రభాగములకే పరిమితమయ్యెను.

ఇట్లు అంతరించినవి ఎన్నియో కర్మాగారపు జట్లు కలవు. సోవియట్ సమాఖ్య విచ్ఛిన్నమైన పిదప, మూలధనము లేక, మార్కెట్టు లేక యంత్రశాలలే కుంగిపోవుచుండిన ఆ దుర్దినములలో, లేని జట్టును తిరిగి కల్పింతమని తలంచుటకు గుండెదిటవు కావలసియుండెను. అట్టి దిటవు కలవాడు అనతోలీ కాప్‌స్కీ. 1966లో పుట్టిన ఈ కర్మాగారపు మనిషి 1996లో, అనగా ముప్పదేండ్ల ప్రాయమున, బాటేను పునఃస్థాపించి తాను అధ్యక్షుడై, యూరీ పున్‌తుస్‌ను శిక్షకునిగా నియమించెను. అడుగుననున్న మూడవ శ్రేణిలో ఆడనారంభించిన ఆ జట్టు, 1996లో ఒక మెట్టు, 1997లో ఇంకొక మెట్టు ఎక్కి, 1998లో అగ్రశ్రేణిని చేరుటయేగాక, చేరిన యేటనే ద్వితీయస్థానమును గైకొని, 1999లో దేశవిజేతయయ్యెను. సున్ననుండి శిఖరమునకు నాలుగే నాలుగేండ్లు! రాజధాని జట్లు ఏలుచుండిన దేశమున ఇట్టి ఆరోహణమును ఒక చిన్న పట్టణము చేసిచూపుట సామాన్యమైన విషయము కాదు.

ఆ 1999 నాటి జట్టులో అలెగ్జాండర్ హ్లెబ్ అను పదునెనిమిదేండ్ల కుర్రవాడు కలడు. మిన్‌స్క్‌లో పుట్టి, బంతి పాదమునకు అతుకుకొని యున్నదో యనునట్లు ప్రత్యర్థుల నడుమనుండి మెలికలు తిరుగుచు జారిపోవు ఈ బాలుడు, మరుసటి యేడు తమ్ముడు వ్యాచెస్లావ్‌తోగూడ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌నకు వెడలెను. 2005లో ఆర్సెనల్ జట్టున చేరి 2006 నాటి ఛాంపియన్స్ లీగ్ తుదిపోటీలో ఆడెను. 2008లో బార్సిలోనాకు చేరి, ఆ మరుసటి యేట ఆ జట్టు యూరపు విజేతయైనపుడు అందొకడయ్యెను. ముందువరుసవాడైన విటాలీ కుతూజవ్ సైతము బోరిసోవ్‌నుండియే ఇటలీలోని మిలాన్ జట్టునకు పోయెను. తన ఉత్తమ క్రీడాకారులను ధనికదేశములకు అప్పగించుట చిన్న క్లబ్బులకు తప్పని గతి. కాని బాటే విషయమున నన్ను ఆకర్షించునది పోయినవారి కీర్తి కంటెను, ఉన్నవారితో ఆ క్లబ్బు మెలగిన తీరు. ఆడుట మానినవాడు శిక్షకుడగుటయు, దూరదేశమున వెలిగినవాడు తిరిగివచ్చి అదే చొక్కా తొడుగుటయు అచ్చట కుటుంబమునందలి వ్యవహారమువలె సాగిపోయెను. ఈ అవిచ్ఛిన్నతయే ఆ క్లబ్బునకు నిజమైన మూలధనమని నా నిశ్చయము.

దీనికి విక్టర్ గొంచరెంకో జీవితమే ప్రబలమగు దృష్టాంతము. గోమెల్ ప్రాంతమునందలి హోయ్‌నికీలో 1977లో పుట్టిన ఇతడు బాటే రక్షణపంక్తిలో ఆడుచు, మోకాటి గాయము వలన ఇరువదియైదేండ్లకే ఆటకు దూరమయ్యెను. క్రీడాకారునికి ఆ వయస్సున ఆట ముగియుట ఎంతటి వేదనయో వేరుగా చెప్పనక్కరలేదు. క్లబ్బు అతనిని విడువలేదు. శిక్షణ బాధ్యతలలో చేర్చుకొనెను. 2002లో రెండవ పర్యాయమును, ఇగోర్ క్రియుషెన్కో శిక్షణమున 2006, 2007 సంవత్సరములలోను బాటే దేశవిజేతయైన పిమ్మట, ఆ 2007 చివర జట్టు పగ్గములు గొంచరెంకో చేతికి వచ్చెను. అప్పటికతడు ముప్పదేండ్లవాడు, జట్టులో కొందరు అతనితో ఒకనాడు భుజము భుజము కలిపి ఆడినవారే.

2008వ సంవత్సరపు వేసవిని గూర్చి బోరిసోవ్ జనులు నేటికిని ముచ్చటించుకొందురన్న ఆశ్చర్యము లేదు. ఛాంపియన్స్ లీగ్ అర్హతపోటీలలో ఐస్‌లాండు జట్టైన వాలుర్‌ను, బ్రస్సెల్స్ నగరపు ప్రసిద్ధమైన అండర్‌లెక్ట్‌ను, బల్గేరియాకు చెందిన లెవ్‌స్కీ సోఫియాను వరుసగా దాటి, బాటే ఆ పోటీల గ్రూపుదశకు చేరిన తొలి బెలారూస్ క్లబ్బయ్యెను. గొంచరెంకో ఆ దశకు జట్టును నడిపించినవారిలో అప్పటికి అందరికంటె పిన్నవయస్కుడయ్యెను. గ్రూపులో ఎదురైనవారు రియల్ మాడ్రిడ్, యువెంటస్, జెనిత్. బోరిసోవ్ పురక్రీడాంగణము అట్టి పోటీలకు చాలనిదగుటచే ఆటలు మిన్‌స్క్‌లోని దీనమో స్టేడియమున జరిగెను. సెప్టెంబరు 30న యువెంటస్ వచ్చినపుడు, ఆట మొదలై అరగంట యైన గాకమునుపే సెర్గెయ్ క్రివెత్స్, ఇగోర్ స్తసేవిచ్ చెరియొక గోలు కొట్టి ఇటలీవారిని దిగ్భ్రాంతులను గావించిరి. యువెంటస్ ఆటగాడు యాక్వింటా విరామమునకు ముందే రెండు గోళ్లు తిరిగికొట్టుటచే ఆట 2-2గా ముగిసెను. టూరిన్‌లో జరిగిన ప్రతిపోటీ 0-0. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో జెనిత్‌తో 1-1. ఆరు ఆటలలో గెలుపు లేకున్నను మూడు పాయింట్లతో వెనుదిరిగిన ఆ జట్టునందు అత్యధికులు బెలారూస్ యువకులే యనుట మరువరాదు.

అటుపిమ్మట 2011లో ఛాంపియన్స్ లీగ్ గ్రూపున బార్సిలోనా, మిలాన్‌ల నడుమ పడి, మిన్‌స్క్‌లో మిలాన్‌తో 1-1గా ఆడిన ముచ్చటను విస్తరింపక, 2012 నాటి శరత్కాలమునకు వత్తము. ఏలయన బాటే చరిత్రకు అది శిఖరము. సెప్టెంబరులో ఫ్రాన్సునకు పోయి లీల్ జట్టును 3-1తో గెలిచిన వీరు, అక్టోబరు 2న మిన్‌స్క్‌లో బాయెర్న్ మ్యూనిక్‌ను ఎదుర్కొనిరి. బాయెర్న్ వారి చేత బంతి. బాటే వారి చేత ఓర్పు. ప్రథమార్ధమున అలెగ్జాండర్ పావ్‌లవ్ ఒక గోలు కొట్టెను. అటుపై గంటసేపు ఆ జర్మను జట్టు అల వెంబడి అలగా ముట్టడించుచుండగా, రక్షణపంక్తి దట్టముగా కూడి, అవకాశము చిక్కినంతనే బంతిని ముందునకు తరుముచు, కాలమును గడపిరి. ఇంక పండ్రెండు నిమిషములున్నవనగా విటాలీ రదియోనవ్ రెండవ గోలు సాధించెను. నిర్ణీతకాలము గడచినపిదప ఫ్రాంక్ రిబెరీ ఒకటి తగ్గింపగా, క్రీడాంగణమంతయు ఊపిరి బిగబట్టియున్న ఆ క్షణములలో, రెనాన్ బ్రెస్సాన్ మూడవ గోలు కొట్టి ఆట ముగించెను. ఇట్లోడిన బాయెర్న్ జట్టే తరువాతి మే నెలలో లండన్‌లోని వెంబ్లీ క్రీడాంగణమున యూరపు విజేతయయ్యెను.

ఆ ఆటలో బాటే పక్షమున గోలు కొట్టిన ముగ్గురిలో కడపటివాని కథ ప్రత్యేకము. బ్రెస్సాన్ బ్రెజిల్ దేశములో పుట్టినవాడు. బ్రతుకుతెరువున బెలారూస్ చేరి, గోమెల్ జట్టున ఆడి, పిమ్మట బాటేకు వచ్చి, ఆ దేశ పౌరసత్వమును పొందెను. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో బెలారూస్ పక్షమున ఆడుచు, జన్మభూమియైన బ్రెజిల్ మీదనే తొలి గోలు కొట్టెను. ఆ ఆటను బ్రెజిలే 3-1తో గెలిచినను, ఆ గోలు కొట్టినవాని అంతరంగమున ఆ క్షణమున ఏమి మెదిలెనో యని ఊహింపని పాఠకుడుండడు. ఇక హ్లెబ్, స్టుట్‌గార్ట్, లండన్, బార్సిలోనాలు తిరిగి, 2012లోనే పాత గూటికి వచ్చి చేరెను.

గొంచరెంకో 2013లో రష్యాకు తరలెను. తన తొలి ఛాంపియన్స్ లీగ్ ఆటను మాడ్రిడ్‌లో ఓడిన ఇతడే, పదేండ్ల తరువాత మాస్కో సీ.ఎస్.కే.ఏ. శిక్షకుడై, అదే రియల్ మాడ్రిడ్‌ను ఒకే ఋతువున రెండుమార్లు, అందొకమారు మాడ్రిడ్‌లోనే 3-0తో, ఓడించెనని ఇచ్చట చెప్పకుండుట న్యాయము కాదు. బాటేలో అతని స్థానమున నిలిచిన అలెగ్జాండర్ యెర్మకోవిచ్ సైతము బాటే ఆటగాడే. అతని కాలముననే, 2014లో, పట్టణపు శివారున బోరిసోవ్ అరీనా వెలసెను. స్లోవేనియాకు చెందిన ఒఫిస్ వాస్తుశిల్పులు రూపించిన ఈ క్రీడాంగణము, గుండ్రని రంధ్రములతో గూడిన తెల్లని లోహపు పెంకు కప్పుకొని, పైన్‌చెట్ల నడుమ, పెద్ద నదీశంఖమువలె కాననగును. ఇందు సుమారు 13,000 మంది కూర్చుండవచ్చును. క్లబ్బు పునర్జన్మ యెత్తిన పదునెనిమిదేండ్లకు, పరుగుపందెపు బాటలు లేని, ఫుట్‌బాల్‌కే అంకితమైన స్వంత గృహము దానికి కలిగెను.

ఆ నూతన గృహముననే బాటే తీవ్రమైన అవమానమును, తీవ్రమైన ఆనందమును చవిచూచెను. 2014 అక్టోబరు 21న షాఖ్తార్ దొనెత్స్క్ అచ్చట 7-0తో గెలువగా, అందు లూయిజ్ అద్రియానో ఒక్కడే అయిదు గోళ్లు కొట్టెను. ఆ యేటి గ్రూపు ఆటలలో బాటే సమర్పించుకొన్న గోళ్లు మొత్తము 24. ఇట్టి లెక్కను కప్పిపుచ్చుట చరిత్రకారుని పని కాదు. మరుసటి యేడు సెప్టెంబరు 29న రోమా జట్టు అదే అంగణమునకు రాగా, స్తసేవిచ్ ఎనిమిదవ నిమిషమున ఒకటి, సెర్బియావాడైన ఫిలిప్ మ్లాదెనోవిచ్ రెండు, అరగంటలోనే మూడు గోళ్లయ్యెను. రోమా వారు రెండు తీర్చుకొన్నను మూడవది తీర్చుకొనలేక 3-2తో ఓడిరి.

స్వదేశమున మాత్రము 2006నుండి 2018వరకు వరుసగా పదమూడు పర్యాయములు బాటేయే విజేత. యూరపున ఇంతకు మించి లాట్వియాకు చెందిన స్కోంతో వంటి కొన్ని క్లబ్బులు మాత్రమే వరుసగా 14 గెలిచియున్నవి. ఒకే జట్టు ఇన్నేండ్లు గెలుచుచుండిన లీగు నీరసమగునని కొందరందురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఐనను రాజధాని కాని, 1,40,000 జనాభాయైనను దాటీదాటని పట్టణము ఈ పని చేసినదన్న సంగతిని ఆ విమర్శకులు తూకమున వేయుటలేదని తోచుచున్నది.

ఆ పదమూడవ విజయము చేతికందకమునుపే, 2018 సెప్టెంబరు 22న, అనతోలీ కాప్‌స్కీ 52 ఏండ్ల వయస్సున మరణించెను. జట్టు మాత్రము చెదరలేదు. యూరోపా లీగు గ్రూపులో చెల్సీ తరువాతి స్థానమున నిలిచి, 2019 ఫిబ్రవరి 14న బోరిసోవ్‌లో, చలి గడ్డకట్టించు రాత్రి, ఆర్సెనల్‌ను ఎదుర్కొనెను. విరామమునకు క్షణములముందు స్తనిస్లావ్ ద్రాగున్ తలతో మోపిన బంతి గోలయ్యెను; ఆట 1-0. వారముదినములకు లండన్‌లో ఆర్సెనల్ 3-0తో ప్రతీకారము తీర్చుకొనెను. అందు మొదటి గోలు ఆట ప్రారంభమైన నాలుగైదు నిమిషములకే, దాటింపబోయిన బంతి యువ రక్షకుడు జాహర్ వోల్కవ్‌నకు తగిలి స్వంత గోలులో పడుటవలన కలిగినది. ఆ యేడే దీనమో బ్రెస్ట్ దేశవిజేతయై పదమూడేండ్ల శృంఖలను తెంచెను.

2020 మే 24. మహమ్మారి వలన లోకమునందలి క్రీడాంగణములన్నియు ప్రాయశః మూతపడియుండగా, బెలారూస్‌లో మాత్రము ఆటలు సాగుచుండెను. మిన్‌స్క్‌లో జరిగిన దేశకప్పు తుదిపోటీలో బాటే ఎదుట నిలిచినది దీనమో బ్రెస్ట్. తొంబది నిమిషములు గడచినను గోలు లేదు. అదనపు సమయమును ముగియవచ్చుచున్నది. ఆ కడపటి క్షణములలో బంతిని గోలులోనికి పంపి కప్పును బోరిసోవ్‌నకు తెచ్చినవాడు జాహర్ వోల్కవ్.