పసులకాపరి రాజగృహప్రవేశం

వేల్సు ప్రాంతపు పెంబ్రోక్ కోర్గీ మొదట పసులను తోలే కుక్క. పొట్టికాళ్ళే దాని బలం: పశువుల మడమలు కొరికి అదిలించేది, అవి తన్నితే ఆ తాపు తలపైనుండి పోయేది.

1933లో యార్క్ డ్యూకు డూకీ అనే కోర్గీని ఇంటికి తెచ్చాడు. మరుసటి ఏడే కెన్నెల్ క్లబ్ పెంబ్రోక్, కార్డిగన్ కోర్గీలను వేర్వేరు జాతులుగా గుర్తించింది. 1944లో ఆయన పెద్దకుమార్తె ఎలిజబెత్‌కు 18వ పుట్టినరోజు కానుకగా సూసన్ లభించింది. ఆమె పెంచిన సూసన్ సంతతి 14 తరాలు సాగి, 2018లో విల్లో మరణంతో ముగిసింది.

మంద దూరమైనా స్వభావం మిగిలింది. విండ్సర్‌లో గడియారాలకు కీ ఇచ్చే ఉద్యోగిని సూసన్ కరిచింది. పొలంలో నైపుణ్యమనిపించుకున్నదే నట్టింట నేరమైంది! మిత్రులారా, ముద్దైన రూపాన్ని కోరి తెచ్చుకున్నవారు ఆ స్వభావానికీ బాధ్యులు కారా?