రంగం చమురు, గోదావరి దీపం: 1942 నాటి నౌకానష్టంపై ఒక పరిశీలన

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు వేశాయి. గోదావరి మండలంలో రెండో ప్రపంచయుద్ధం ప్రస్తావన వస్తే ఎక్కువగా వినిపించేది ఆ బాంబుల కథే. కానీ ఆ విమానాలు బయలుదేరిన ‘ర్యూజో’ నౌకకు, దానితో వచ్చిన అడ్మిరల్ ఒజావా దళానికి తీరపట్టణాలు ముఖ్యలక్ష్యం కాదు. అవి వర్తకనౌకల వేటకు వచ్చాయి. కొద్ది రోజుల్లో ఆ దళం ముంచిన నౌకల పరిమాణం లక్ష టన్నులు దాటింది. బాంబు జ్ఞాపకంలో నిలిచింది, ఓడ జారిపోయింది. ఆ ఏడాది తెలుగుతీరానికి తెగిపోయిన సంబంధాన్ని చమురు ఓడ ఆధారంగా గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాకినాడ, రంగూన్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. తీరాంధ్రులకు రంగూన్ ‘రంగం’. కూలికోసం కడలి దాటడమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. బర్మాలో తెలుగువారికి పడిన పేరు ‘కొరంగీలు’. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరే అది. 1931 జనగణన నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారిది పెద్ద పాలు. 1930 మే నెలలో రంగూన్‌లో చెలరేగిన అల్లర్లకు మూలం ఈ తెలుగు రేవుకూలీల సమ్మె. ధాన్యపు మిల్లుల్లోనూ, నగరానికి ఏటి ఆవల సిరియంలో ఉన్న బర్మా ఆయిల్ కంపెనీ శుద్ధి కర్మాగారంలోనూ వారు పనిచేశారు.

ఎగువ బర్మాలోని యెనాంగ్యావుంగ్ బావుల ముడిచమురు గొట్టపుమార్గం గుండా సిరియం చేరేది. అక్కడ శుద్ధి అయిన కిరసనాయిలు ట్యాంకరులోకి ఎక్కేది. ట్యాంకరంటే డబ్బాలు మోసే ఓడ కాదు, ఓడ పొట్టే పీపా. దానిని అడ్డుగోడలతో అనేక గదులుగా విభజిస్తారు. నిప్పుకు దూరంగా యంత్రాన్ని వెనుక కొసన పెడతారు. చమురు గదులకూ యంత్రం గదికీ నడుమ ఖాళీ అర ఒకటి వదులుతారు. పది నాట్ల వేగంతో వెళ్తే మద్రాసుకు నాలుగైదు రోజుల ప్రయాణం. చమురు దించాక తిరుగు ప్రయాణంలో ఓడ తేలిపోకుండా కొన్ని గదుల్లో సముద్రపు నీరు నింపుతారు. నిండు ఓడకన్నా ఖాళీ ఓడే ఎక్కువ ప్రమాదకరం. అడుగున మిగిలిన చమురు ఆవిరి గాలితో కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే గదులు కడిగి, గాలి ఆడించి, ఆపైన మనుషులను దింపేవారు. ఈ పనిలో విరామమనేది అరుదు: నింపడం, నడపడం, తోడడం, కడగడం.

ఒడ్డుకు చేరాక చమురు నాలుగు గ్యాలన్ల డబ్బాల్లోకి మారేది. మద్రాసు నుంచి కాకినాడ వరకు రైలుమార్గం, దానికి తోడు గోదావరి, కృష్ణా కాలువలను బకింగ్‌హాం కాలువతో కలిపే జలమార్గం ఉండేవి. చమురు అయిపోయినా డబ్బాకు పని అయిపోయేది కాదు. అది నీళ్ళకావడికి ఎక్కేది, ధాన్యపు కొలతయ్యేది, కోసి పరిస్తే పాకకు కప్పయ్యేది. గోదావరి పల్లెల భౌతిక సంస్కృతిని రాసేవారు ఈ డబ్బాను ఎందుకు వదిలేస్తారో నాకు అంతుపట్టదు. కిరసనాయిలు, మట్టినూనె, బుడ్డి, అరికెన్ లాంతరు వంటి మాటలు ఈ చమురు వ్యాపారం వెంటే మన పలుకుబడిలో స్థిరపడ్డాయి.

1942 మార్చి 7న రంగూన్‌ను విడిచిపోతూ బ్రిటిష్‌వారు సిరియం కర్మాగారాన్ని తామే ధ్వంసం చేశారు. మర్నాడు నగరం జపాను వశమైంది. ఓడ మునగడానికి నెలరోజుల ముందే అది మోయవలసిన చమురు మూలం ఆగిపోయిందన్నమాట. ఈ వరుసక్రమం ముఖ్యమైనది. చమురు కొరతకు కారణం ఏప్రిల్ దాడే అనుకుంటే సిరియం మరుగున పడుతుంది, సిరియంతోపాటు అక్కడి తెలుగు కూలీ కూడా.

ఏప్రిల్‌లో ఒజావా దళం మూడు పాయలుగా చీలి, రక్షణనౌకలు లేకుండా తీరం వెంబడి సాగుతున్న ఓడలపై పడింది. మునిగినవాటిలో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి ‘మాల్దా’, ‘ఇందోరా’ ఉన్నాయి. తెలుగు కూలీలను రంగానికి చేరవేసిన కంపెనీ అదే. ఏప్రిల్ 9న సింహళపు తూర్పు తీరాన మరో జపాను దళం ‘హెర్మిస్’ అనే విమానవాహకాన్ని ముంచిననాడే ‘బ్రిటిష్ సార్జెంట్’ అనే ట్యాంకరు కూడా మునిగింది. అది 1922లో కట్టిన ఓడ. పారసీక చమురును మోసే ఆంగ్లో-ఇరానియన్ కంపెనీకి అనుబంధమైన సంస్థది. బర్మా చేజారాక భారతదేశానికి దిక్కైన పారసీక చమురుకు కూడా సముద్రంలో భద్రత లేదని ఆ నష్టం తెలిపింది. తరువాత కిరసనాయిలు పంపిణీ నియంత్రణలోకి వెళ్ళింది. అది అందని ఇంట ఆముదపు ప్రమిదే గతి.

యుద్ధకాలంలో బ్రిటిష్ వర్తకనౌకల సిబ్బందిలో సుమారు నాలుగో వంతు భారతీయులు. వారిలో దాదాపు 6,600 మంది మరణించారు. వేలాది నావికుల పేర్లు బొంబాయి, చిట్టగాంగు స్మారకాల గ్రంథంలో ఉన్నాయి. సిరియంలో పనిచేసిన కొరంగీ నావికుడు కాడు, ఒడ్డుకూలీ. కనుక ఆ పట్టికలో అతనికి చోటు లేదు. అదే ఏడాది దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు బర్మాను విడిచారు. ఎందరో కొండదారుల్లో నడుస్తూనే ప్రాణాలు విడిచారు. ‘రంగం పోయి తిరిగి రాలేదు’ అని ఇంట్లో చెప్పుకున్న మాటే అటువంటివారిలో అనేకులకు మిగిలిన నమోదు.