ఆంగ్లంలో ఆనంద పదాలు: చరిత్ర

జాయ్, హ్యాపీ, బ్లిస్, గ్లీ, మర్త్, గ్లాడ్, డిలైట్ మొదలైనవి సంతోషాన్ని తెలపడానికి ఆంగ్లంలో వాడే మాటలు. కొన్ని జర్మానిక్ మూలం నుంచి దిగివచ్చిన పాత ఆంగ్లపు సొంత మాటలు. కొన్ని వైకింగుల వెంట వచ్చాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి దారిన వచ్చినవి మరికొన్ని. నేటి నిఘంటువులు వీటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా చూపినా, తొలినాళ్లలో వీటిలో కొన్నిటికి మనసుతో పెద్దగా పని లేదు. విందులో చప్పుడు, వెలుగు, అదృష్టం వంటి బయటి సంగతుల పేర్లే క్రమంగా లోపలి భావానికి పేర్లయ్యాయి.

విందుశాల సందడి

పాత ఆంగ్ల కవిత్వంలో సంతోషానికి వాడిన ప్రధానమైన మాటల్లో ఒకటి 'డ్రెఆమ్'. సంగీతం, నవ్వులు, పదిమంది కూడినప్పటి కోలాహలం అని దాని అర్థం. సుమారు 1000 నాటి ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలిన 'బేవుల్ఫ్' కావ్యంలో ఇది బాగా కనిపిస్తుంది. రాజు హ్రోత్‌గార్ హెయొరోట్ అనే పెద్ద విందుశాల కట్టిస్తాడు. రోజూ అక్కడ వీణ మోగుతుంది, గాయకుడు సృష్టి కథ పాడతాడు. బయట చీకట్లో ఉన్న గ్రెండెల్ అనే రాక్షసుడికి ఆ చప్పుడు భరించరానిదవుతుంది. ఆ కోలాహలంలో చోటు లేనివాడు అన్నది కవి అతనికి ఇచ్చే ఒక గుర్తింపు. ఆ కాలపు ఆలోచనలో సంతోషం అంటే ముందుగా చెవిన పడేది. వెలివేసినవాడు మొదట పోగొట్టుకునేది అదే. 13వ శతాబ్దం నుంచి ఈ మాట కల అనే అర్థంలో, నేటి 'డ్రీమ్'గా కనిపిస్తుంది. ఈ అర్థం వెనుక స్కాండినేవియా భాషలోని 'డ్రౌమ్ర్' ప్రభావం ఉందని పండితులు చెబుతారు. సందడి అన్న పాత అర్థం మెల్లగా అంతరించింది.

'గ్లీ' కూడా అలాంటిదే. పాటకు, వినోదానికి అది పేరు, పాడేవాడు 'గ్లీమన్'. మధ్యలో ఈ మాట దాదాపు చచ్చిపోయింది. 1755లో వెలువడిన తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీన్ని వెటకారానికి తప్ప ఎవరూ వాడడం లేదని తేల్చేశాడు. ఆయన తీర్పు నిలవలేదు. వాద్యాలు లేకుండా ముగ్గురు నలుగురు గొంతు కలిపి పాడే పాటను అప్పటికే 'గ్లీ' అంటున్నారు. లండన్‌లో ఆ పాటల కోసం క్లబ్బులు వెలిశాయి. 1858లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గ్లీ క్లబ్ ఏర్పడింది. అమెరికా కళాశాలల్లో ఆ పేరు నేటికీ ఉంది.

సంతోషానికే 'విన్' అనే మరో పాత మాట రూనిక్ అనే పాత లిపిలో ఒక అక్షరానికి పేరైంది. తర్వాత కొన్ని వందల ఏళ్లు ఆంగ్ల లేఖకులు 'వ' ధ్వనికి ఆ అక్షరమే రాశారు. ఆ మాట జాడ ఇప్పుడు 'విన్సమ్' అన్న విశేషణంలో మాత్రం మిగిలింది. 'గ్లాడ్' మొదటి అర్థం మెరిసేది.

చర్చి చేసిన మార్పు

597లో రోమ్ నుంచి అగస్టీన్ అనే మతప్రచారకుడి బృందం కెంట్ తీరాన దిగాక క్రైస్తవం వేళ్లూనుకుంది. 'బ్లైత్' అనే ఉల్లాస పదానికి చుట్టమైన 'బ్లిస్' పరలోక సుఖం వైపు జరిగింది. 'బ్లెస్' అన్నది నిజానికి వేరే మాట. అన్యమత బలిలో నెత్తురు చిలకరించి పవిత్రం చేయడం దాని మూలం. రెండూ పక్కపక్కన నలిగి అర్థంలో దగ్గరయ్యాయి.

అన్నిటికన్నా విచిత్రమైన గతి 'సిల్లీ'ది. దాని పాత రూపానికి ధన్యుడు, సుఖి అని అర్థం. ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడదగ్గవాడయ్యాడు, చివరికి తెలివితక్కువవాడుగా స్థిరపడ్డాడు. జర్మన్‌లో దాని తోబుట్టువు 'జేలిగ్' మాత్రం ఇప్పటికీ గౌరవంగానే ఉంది.

ఫ్రెంచి దారిన

'జాయ్' ఆంగ్లంలో కనిపించడం 1200 ప్రాంతం నుంచి. లాటిన్‌లో 'గాడియం' అంటే సంతోషం, దాని బహువచనం 'గాడియా'. జనం నోట ఆ బహువచనమే స్త్రీలింగ ఏకవచనమై ఫ్రెంచిలో 'జ్వా' అయింది. అదే లాటిన్ మాట నుంచి జపమాలలోని పెద్ద పూసకూ, ఆక్స్‌ఫర్డ్ కళాశాలలు పూర్వ విద్యార్థులకు ఇచ్చే విందుకూ 'గాడీ' అన్న పేరు వచ్చింది. 'డిలైట్' కూడా ఫ్రెంచి సరుకే. దానికి వెలుతురు అనే 'లైట్'తో ఏ బంధుత్వమూ లేదు. 16వ శతాబ్దంలో ఎవరో పోలిక చూసి అనవసరపు అక్షరాలు చేర్చారు, అవి అలాగే ఉండిపోయాయి.

'ఎంజాయ్'కి 15వ శతాబ్దానికే ఆస్తి ఫలితాన్ని అనుభవించడం అనే అర్థం ఏర్పడింది. అద్దెదారును యజమాని ఇబ్బంది పెట్టకూడదనే షరతును ఆంగ్ల న్యాయశాస్త్రం నేటికీ 'క్వయట్ ఎంజాయ్‌మెంట్' అంటుంది. తెలుగువారికి ఇది కొత్త కాదు. సాగు భూముల రికార్డైన అడంగల్లో అనుభవదారు పేరు రాసే గడికి ఆంగ్లంలో ఉన్న మాట 'ఎంజాయర్'. పంట మొత్తం మునిగిపోయిన రైతు కూడా ఆ గడి ప్రకారం ఎంజాయరే.

'గే' మొదట రంగురంగులది, హుషారైనది. 20వ శతాబ్దపు తొలి సగంలోనే స్వలింగ ప్రేమికులు తమలో తాము ఈ మాట వాడుకునేవారు. 1969లో న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బార్‌లో పోలీసు దాడికి వారు ఎదురుతిరిగిన ఘటన తర్వాత ఏర్పడిన ఉద్యమ సంస్థ దీన్ని బాహాటంగా తన పేరులో పెట్టుకుంది. పాత అర్థంలో ఇప్పుడు రాసేవారు అరుదు.

అదృష్టం నుంచి కొలమానం దాకా

'హ్యాపీ' వెనుక ఉన్నది 'హాప్', అంటే అదృష్టం. వైకింగుల భాష నుంచి వచ్చింది. 'హ్యాపెన్', 'పర్‌హ్యాప్స్' కూడా ఆ ఇంటివే. 14వ శతాబ్దంలో హ్యాపీ అంటే కలిసొచ్చినవాడు. 1843లో హెన్రీ కోల్ కోసం జాన్ హోర్స్‌లీ గీసిన తొలి క్రిస్మస్ కార్డులో పండుగకు 'మెర్రీ', కొత్త ఏడాదికి 'హ్యాపీ' వాడారు. రాబోయే ఏడాదికి కోరదగింది అదృష్టమే కనుక ఆ ఎంపిక పాత అర్థానికి సరిగ్గా సరిపోయింది. అంతకుముందే, 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 'హ్యాపీనెస్' కోసం పాటుపడడాన్ని మనిషి హక్కుల్లో చేర్చింది. దాంతో అది ప్రభుత్వాలు పట్టించుకోవలసిన విషయమైంది.

2012 నుంచి వస్తున్న ప్రపంచ హ్యాపీనెస్ నివేదిక ఆ ధోరణికి కొనసాగింపే. దేశాలకు ర్యాంకులిచ్చే ప్రశ్నలో మాత్రం సంతోషం ఊసు లేదు. అడుగున 0, పైన 10 ఉన్న నిచ్చెనను ఊహించుకుని, మీ జీవితం ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో చెప్పమంటారు. నిన్న నవ్వారా, ఏదైనా ఎంజాయ్ చేశారా అని విడిగా అడుగుతారు గానీ ఆ జవాబులను ర్యాంకుల లెక్కలో కలపరు.